కంచు చాలని ఏడుగురు

టాలివర్ క్రాసింగ్ పౌరులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, రెండో ప్రపంచయుద్ధంలో ప్రాణాలర్పించిన ఊరి నల్లజాతి సైనికులు ఏడుగురినీ పట్టణ మండలి డెబ్బై తొమ్మిదేళ్ళకే జ్ఞాపకం తెచ్చుకున్నది. ఇంత తొందరేమిటని ఒకరిద్దరు సభ్యులు సణిగిన మాట నిజమే. కానీ పక్క ఊరివాళ్ళు తమ నల్ల సైనికులకు ఒక స్తంభం నిలబెట్టి, అట్లాంటా పత్రికలో మొదటి పేజీలో ఫోటో వేయించుకున్నాక, ఇంకా ఊరుకోవడం దేశభక్తి అనిపించుకోదని మండలికి తోచింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

అసలు ఊరు మరిచిపోయిందనడమే అన్యాయం. 1949లో కోర్టు ముందున్న పచ్చిక మీద కంచు ఫలకం నిలబెట్టినప్పుడు, దాని నెత్తిన ‘మేము మరువము’ అని జానెడేసి అక్షరాలు పోత పోయించారు. కింద యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు ముప్పై ఒకటి వేయించారు. మిగతా ఏడు పేర్లు ఎందుకు లేవో మండలి మినిట్స్ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది: కంచు చాలలేదు. ముప్పై ఒకరికి చాలిన కంచు సరిగ్గా నల్లవాళ్ళ దగ్గరికొచ్చేసరికే చాలకపోవడం కంచు తప్పు గానీ ఊరి తప్పు కాదు. ముప్పై ఒకటో పేరు కింద మూరెడు ఖాళీ కంచు ఈనాటికీ తళతళలాడుతూనే ఉంది. అది అందానికి వదిలారని పెద్దలు చెబుతారు.

ఈ ఏడుగురిలో ఎల్బర్ట్ హైటవర్ ఒకడు. సైన్యంలో లారీ నడిపేవాడు. ఫ్రాన్సులో ఏదో రోడ్డు మీద, ముందు వరసలోని తెల్ల సైనికులకు తూటాలు చేరవేస్తుండగా ఫిరంగి గుండు వచ్చి మీద పడింది. అప్పటికి అతని కూతురు లువీనియాకి ఏడేళ్ళు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు అతని శవపేటిక రైల్లో వచ్చింది. ఊరి శ్మశానంలో చోటడిగితే, అక్కడ నేల నల్లవాళ్ళకు పడదన్నారు. షేడీ ఫోర్క్ చర్చి వెనకాల, తమవాళ్ళ సమాధుల తోటలోనే పూడ్చుకున్నారు. సైనికుడి సమాధికి సర్కారు ఉచితంగా రాయి ఇస్తుంది కదా అంటే, దరఖాస్తు మీద ఊరి గుమాస్తా సంతకం కావాలి. లువీనియా తల్లి ఆ కాగితం పట్టుకుని పదకొండు సార్లు తిరిగింది. వెళ్ళిన ప్రతిసారీ గుమాస్తా కలంలో సిరా అయిపోయి ఉండేది. ఆయన రిటైరయ్యేదాకా అయిపోతూనే ఉంది.

రాయి రాకపోతే మానె, గుర్తుండాలి కదా. పోయినవాడు ఆఖరున వాడిన వస్తువుకి చిల్లు పొడిచి సమాధి తల దగ్గర పెట్టడం ఆ ఇళ్ళల్లో ముత్తవ్వల నాటి పద్ధతి. విరిగిన వస్తువు పెడితే చావు గొలుసు అక్కడితో తెగుతుందని, ఇంట్లో ఇంకొకరిని లాక్కుపోదని వాళ్ళ నమ్మకం. ఎల్బర్ట్ రైలెక్కిన రోజు పొద్దున కాఫీ తాగిన కప్పు, నీలం అంచున్న పింగాణీ పూత కప్పు, దానికి మేకుతో చిల్లు పొడిచి అతని తల దగ్గర బోర్లించింది భార్య. మిగతా ఆరుగురికీ వాళ్ళ వాళ్ళ ఆడవాళ్ళు అలాగే పెట్టుకున్నారు. లూషస్ స్టర్డివంట్‌కి ఆగిపోయిన గడియారం, రూఫస్ టీగ్‌కి గడ్డం గీసుకునే అద్దం, హోసియా బుకర్‌కి లాంతరు చిమ్నీ. ఇంకొకరికి కూజా, ఒకరికి చేతులు కడుక్కునే పళ్ళెం, సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినవాడికి రెండు శంఖాలు.

“ఎప్పటికైనా రాయొస్తే కప్పున్నచోట పాతించు. అందాకా కప్పు కదలనివ్వకు,” అని చెప్పి తల్లి కన్నుమూసింది. లువీనియా కదలనివ్వలేదు. ఏటా మే నెలలో వెళ్ళి, కప్పు కడిగి, తుడిచి, మళ్ళీ అదే గుంటలో బోర్లించి వచ్చేది. మిగతా ఆరుగురి వాళ్ళూ ఒక్కొక్కరే పోయాక ఆ వస్తువుల పని కూడా ఆమే చూసింది. ఇప్పుడామెకి ఎనభై ఆరు. చర్చిలో అందరికీ లువీనియమ్మ. ఆ తోటలో ఏ వస్తువు కింద ఎవరున్నారో తెలిసిన మనిషి ఇక ఆమె ఒక్కతే.

అందువల్ల మండలి వేసిన విస్మృత వీరుల సంస్మరణ సంఘం అధ్యక్షుడు థర్లో బాస్కమ్ వెతుక్కుంటూ ఆమె ఇంటికే వచ్చాడు. ఆమెకన్నా నలభై ఏళ్ళు చిన్నవాడు.

“లువీనియా, ఎలా ఉన్నావు? శుభవార్త! మీ నాన్నకి రాయి వస్తోంది. పేరు చెక్కించి మరీ ఇస్తున్నాం,” అన్నాడు.

పేరు పెట్టి పిలవడం ఆత్మీయత అని అతని నమ్మకం. ఎప్పుడైనా ఆమె ‘థర్లో’ అంటే మాత్రం అతనికి చెవులు వినపడవు.

 లువీనియమ్మకి తన తల్లి బతికుంటే బాగుండుననిపించింది. ఆ తరవాత కళ్ళు తుడుచుకుని, “రాయి ఎక్కడ పాతాలో నేను చూపిస్తానండీ, మిస్టర్ బాస్కమ్. ఏడుగురివీ చూపిస్తాను,” అంది.

చూడటానికి ఎవరూ రాలేదు గనక తనే కాగితం మీద రాసింది. కప్పు కింద ఎవరు, గడియారం కింద ఎవరు, ఏడు వరుసలు, కుదురైన అక్షరాలు. వారానికల్లా జవాబొచ్చింది: ‘తమ అమూల్యమైన జ్ఞాపకాలు అందినవి. సంఘం ఫైలులో భద్రపరచడమైనది.’ భద్రపరచడమంటే ఎవరూ చదవకుండా చూడటమని కార్యాలయాల సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

సంఘంలో నల్లవాళ్ళు కూడా ఉండాలని ఎవరో గుర్తు చెయ్యగా, షేడీ ఫోర్క్ చర్చి పెద్ద, డీకన్ క్లీవన్ స్టర్డివంట్‌ని చేర్చుకున్నారు. హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు సండే స్కూల్లో లువీనియమ్మ చేత చెవి మెలి పెట్టించుకున్నవాడు. గడియారం కింద ఉన్న లూషస్ అతని సొంత పెదనాన్న. వేదిక మీద కుర్చీ అంటే క్లీవన్‌కి చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఈ సంఘంలో అతనికి కుర్చీ ఇచ్చారు, మాటకి మాత్రం చోటివ్వలేదు. అతను దానికేమీ అనుకోలేదు.

ఖర్చు భరించడానికి ఊళ్ళోని పరుపుల దుకాణం ముందుకొచ్చింది. యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే మెమోరియల్ డే అంటే దేశమంతా పరుపుల మీద తగ్గింపులుండే రోజు గనక ఇది సహజమే. మెయిన్ రోడ్డుకి అడ్డంగా బ్యానరు కట్టారు: ‘ఏడుగురు వీరులు శాశ్వత విశ్రాంతిలో ఉన్నారు. ఇక మీ వంతు. నలభై శాతం తగ్గింపు.’ ఇందులో ఎవరికీ అభ్యంతరకరమైనది ఏదీ కనపడలేదు.

మెమోరియల్ డే సోమవారం. అంతకుముందు శనివారం పొద్దున సంఘం రెండు కార్యక్రమాలు ఒకేసారి పెట్టుకుంది. మొదటిది కోర్టు హాల్లో లువీనియమ్మకు రిహార్సలు. కుర్చీలో ఎలా కూర్చోవాలో, మడిచిన జెండాని రెండు చేతులా ఎలా అందుకోవాలో, ఎటు తిరిగితే ఫోటోకి బాగుంటుందో సంఘం కార్యదర్శిగా ఉన్న ఆవిడ ఓపిగ్గా నేర్పింది.

“ఏడుపు వస్తే ఆపుకోవద్దమ్మా, మాకేం ఇబ్బంది లేదు. కానీ బాకా ఊదాక ఏడిస్తే బాగుంటుంది. మేయరుగారి ప్రసంగంలో ఏడిస్తే ఆయన కంగారు పడతారు,” అంది.

“రాయి పాతేటప్పుడు నేను దగ్గరుండొద్దా?” అంది లువీనియమ్మ.

“అవన్నీ మగవాళ్ళు చూసుకుంటున్నారు. మీకు సర్‌ప్రైజ్!”

రెండో కార్యక్రమం ఆ సర్‌ప్రైజే. సమాధుల తోట శుభ్రం చేయడం. నలభై మంది స్వచ్ఛంద సేవకులు ‘మేము మరువము’ అని అచ్చేసిన బనియన్లు తొడుక్కుని, గడ్డి కోసే యంత్రాలతో, ట్రక్కులతో దిగారు. తోటంతా తుప్పుపట్టిన కప్పులు, పగిలిన కూజాలు, ఎవరో తెచ్చి పారబోసిన గాజుపెంకులు. వీరుల విశ్రాంతి స్థలాన్ని నల్లవాళ్ళు ఇలా చెత్తకుండీ చేసుకున్నారే అని కొందరికి నిజంగానే గుండె తరుక్కుపోయింది. ఒక కుర్రది మటుకు, “ఇవి కావాలని పెట్టినట్టున్నాయి, అడుగుదామా?” అంది. అడిగారు. పక్కనే డీకన్ క్లీవన్ ఉన్నాడు.

క్లీవన్‌కి తెలుసు. ఆ వస్తువులేమిటో బాగా తెలుసు. కానీ అట్లాంటా నుంచి పత్రికలవాళ్ళొస్తున్నారు. తన జాతి చిల్లు కప్పులతోనూ శంఖాలతోనూ చచ్చినవాళ్ళని సాగనంపుతుందని వాళ్ళ ముందు బయటపడటం చదువుకున్న మనిషిగా అతనికి తల కొట్టేసినట్టనిపించింది. “అవి పాతకాలపు మూఢనమ్మకాలు. తీసెయ్యండి,” అన్నాడు హుందాగా. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ నలభై మందిలో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికల్లా మూడు ట్రక్కుల నిండా ఎత్తి డంపింగ్ యార్డుకి పంపేశారు. సేవకులకు అక్కడికక్కడే ప్రశంసాపత్రాలు పంచారు.

ఆదివారం ఆరాధన అయ్యాక, విసనకర్ర ఇంకా చేతిలో ఉండగానే లువీనియమ్మ చర్చి వెనక్కి వెళ్ళింది. తోట బల్ల పరిచినట్టుంది. పచ్చటి గడ్డి, ఎక్కడా ఒక్క గుర్తు లేదు. కాళ్ళ కింద అలవాటైన దారి కూడా లేదు. ఆమెకి నిజంగా తప్పు చోటికి వచ్చానేమో అనిపించింది.

క్లీవన్ వెనకే వచ్చాడు. “ఎలా ఉంది అత్తా? గుర్తుపట్టలేకుండా చేశాం!”

“కప్పేదిరా?”

“ఏ కప్పు?”

“మా నాన్న తల దగ్గర కప్పు. ఏదిరా?”

“అత్తా, రేపు పత్రికలవాళ్ళొస్తున్నారు. చెంబులూ తప్పేలాలూ చూస్తే మనల్నేమనుకుంటారు? పైగా పేరు చెక్కిన రాళ్ళొస్తుంటే ఇంకా ఆ కప్పులెందుకు?”

“రాయి ఎక్కడ పాతుతావురా బడుద్ధాయీ?”

క్లీవన్ చుట్టూ గడ్డికేసి చూశాడు. 

“మీ పెదనాన్న గడియారమేదిరా? లూషస్ ఎక్కడున్నాడో చూపించు. హెడ్మాస్టరువి కదా, చూపించు. నడిచి చూపించు!”

క్లీవన్ గడ్డిలో నాలుగడుగులు వేశాడు. కుడివైపు చూశాడు. రెండడుగులు వెనక్కొచ్చాడు. అరవై ఆరేళ్ళ మనిషి, సూటు వేసుకుని, సొంత పెదనాన్న కోసం గడ్డిలో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక లువీనియమ్మ మొహం తిప్పుకుంది. ఆమెకి కోపం కూడా సరిగ్గా రాలేదు. తల్లి పెట్టిన కప్పు డెబ్బై అయిదేళ్ళు నిలిచాక, రాయి వచ్చే ముందు పోగొట్టానన్న దుఃఖమే వచ్చింది.

ఇద్దరూ క్లీవన్ కారులో డంపింగ్ యార్డుకి పరిగెత్తారు. గేటుకి తాళం. తాళం మీద నోటీసు: ‘అమరవీరుల గౌరవార్థం ఆది, సోమవారాలు సెలవు.’

సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఏడు పేర్లు చెక్కిన ఏడు రాళ్ళు ట్రక్కులో ఉన్నాయి. ఎక్కడ ఎవరున్నారో తెలియదు. ఫైలు తెరిచి లువీనియమ్మ కాగితం బయటికి తీసి మొట్టమొదటిసారి చదివారు. చాలా స్పష్టంగా ఉంది. కప్పు ఉంటే ఇంకా స్పష్టంగా ఉండేది.

“ఎక్కడో ఒకచోట ఉన్నారు కదా, లువీనియా. రోడ్డు పక్కన వరసగా పాతేద్దాం. అందరికీ కనబడతాయి,” అన్నాడు బాస్కమ్.

“కింద మనిషి లేని రాయి అబద్ధమండీ. మా నాన్న పేరు మీద అబద్ధం పాతొద్దు,” అంది ఆమె.

అప్పుడు సంఘం లాయరు గొంతు సవరించుకున్నాడు. “ఆవిడ చెప్పిందాంట్లో పాయింటుంది. ఒకడి పేరున్న రాయి ఇంకొకడి మీద పడితే వారసులు దావా వెయ్యొచ్చు. అదే పేరు తెలియని సైనికుడనుకోండి, అతనికి వారసులుండరు.”

గదిలో అందరి మొహాలూ విప్పారాయి. కొత్త రాళ్ళు తెప్పించే వ్యవధి లేదు గనక ఉన్న రాళ్ళనే తిప్పి, వెనకవైపు చెక్కించాలని తీర్మానించడమైనది. చెక్కేవాడు ఆదివారమని కూడా చూడకుండా పూర్తి చేశాడు. ‘పేరు తెలియని వీరుడు. దేవునికే ఎరుక.’ ఏడు రాళ్ళ మీదా అదే మాట. పేర్లున్న వైపు పొదలకేసి తిప్పి రోడ్డు పక్కన వరసగా పాతారు. పొదల్లో దూరి చూసేవాళ్ళెవరూ ఉండరని వాళ్ళ లెక్క.

సోమవారం సభ దివ్యంగా జరిగింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ రోజు ఏడుగురి కళ్ళూ చేటలంత అయ్యాయి. బతికుండగా హోటలు కౌంటరు దగ్గర కూర్చుని కాఫీ తాగనివ్వని ఊరు, వాళ్ళ ధైర్యాన్ని, వినయాన్ని, ముఖ్యంగా వినయాన్ని, వేనోళ్ళ పొగిడింది. మేయరుగారి ప్రసంగం అందరికన్నా పొడుగు.

“వీరెవరో మనకు తెలియదు!” అన్నాడాయన గద్గదంగా. “ఏ తల్లి కన్న బిడ్డలో తెలియదు! ఏ ఇంట దీపాలు పెట్టారో తెలియదు! అయినా ఈ ఊరు వారిని గుండెల్లో పెట్టుకుంది. పేరుతో పనేముంది? త్యాగానికి పేరుండదు! రంగుండదు!”

పేర్లు తెలియని కారణంగా ప్రసంగం ఎవరికైనా సరిపోయేలా ఉంది. మేయరుగారు దాన్ని భద్రంగా మడిచి జేబులో పెట్టుకున్నారు, వచ్చే ఏడు మళ్ళీ పనికొస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. క్లీవన్ వేదిక మీద తన కుర్చీలో చప్పట్లు కొట్టకుండా చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

లువీనియమ్మ చేతికి జెండా ఇచ్చారు. నేర్పినట్టే రెండు చేతులా అందుకుంది. నేర్పనిది మాత్రం ఒకటి చేసింది. తిన్నగా మైకు దగ్గరికి నడిచింది.

“పేరు తెలియదని రాశారు,” అంది. “మొన్న శనివారం దాకా తెలుసయ్యా. దేవుడికే ఎరుకని రాశారు. నాకూ ఎరుకే. ఏ గుర్తు కింద ఎవరో రాసిచ్చాను కూడా. కప్పు కింద మా నాన్న, ఎల్బర్ట్ హైటవర్. గడియారం కింద లూషస్ స్టర్డివంట్. అద్దం కింద రూఫస్ టీగ్. చిమ్నీ కింద హోసియా బుకర్...”

బాస్కమ్ కనుసైగ చేశాడు. బాకా మోగింది. ఆ బాకాలో ఒక చిన్న యంత్రం ఉంటుంది. మీట నొక్కితే అదే పాడుతుంది, ఊదేవాడు బుగ్గలు పూరిస్తే చాలు. బాకా మోగగానే జనమంతా లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నిశ్శబ్దంగా నిలబడ్డారు. సైనికుల కోసం బాకా మోగుతున్నప్పుడు మాట్లాడటం మర్యాద కాదు. లువీనియమ్మ సైనికుడి కూతురు. ఆమె కూడా మాట ఆపి, గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఇంకా ముగ్గురి పేర్లు గొంతులోనే ఉండిపోయాయి. బాకా ఆగేసరికి మైకు తీసేసి, వేయించిన కోడి వడ్డిస్తున్నారు.

మంగళవారం యార్డు తెరిచే వేళకి ఆమె వెళితే, క్లీవన్ అప్పటికే గేటు దగ్గరున్నాడు. ఆదివారపు బూట్లతోనే చెత్తలోకి దిగాడు. శనివారం సాయంత్రమే యంత్రంతో తొక్కించేశారని పనివాడు చెప్పినా వినలేదు. మధ్యాహ్నానికి ఒక గడియారపు ముల్లు దొరికింది.

“ఇది పెదనాన్నదేనా అత్తా?” అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

“ముల్లు మీద పేరుంటుందట్రా?” అంది ఆమె. తరవాత పాపమనిపించి, “పదరా, ఇంటికి పద,” అంది.

ఇంటికెళ్ళి అలమరలోంచి తను రోజూ కాఫీ తాగే కప్పు తీసింది. “సుత్తి పట్టుకురా,” అంది. మేకు పెట్టి చిల్లు పొడిచింది. తండ్రి ఎక్కడున్నాడో ఇప్పుడామెకు తెలియదు. ఎక్కడ లేడో మాత్రం తెలుసు. క్లీవన్ చేత కారు తీయించి కోర్టు పచ్చిక దగ్గరికి వెళ్ళి, ‘మేము మరువము’ ఫలకం అడుగున, ఖాళీ కంచు కింద, ఆ కప్పు బోర్లించింది. నిలబడి ఏడుగురి పేర్లూ పైకి చదివింది. మధ్యలో బాకా ఏమీ మోగలేదు.

సాయంత్రానికి కప్పు లేదు. మర్నాడు ఇంకొకటి పెట్టింది. అదీ లేదు. ఆమె ఇంట్లో కప్పులు వారంలో అయిపోయాయి. చర్చి ఆడవాళ్ళు తలా ఒకటి తెచ్చిచ్చారు. సంఘంలోంచి క్లీవన్ పేరు కొట్టేశారు. ఇప్పుడు అతను కారు నడుపుతాడు, సుత్తి పట్టుకుంటాడు, ఏడు పేర్లూ ఆమెతో కలిసి చెబుతాడు. అక్కడొక బోర్డు కూడా వెలిసింది: ‘ఇది వీరుల చోటు. చెత్త వేయరాదు.’

వేసవి పోయి చలికాలం వచ్చింది. వాన పడినా, మంచు కురిసినా, పండగైనా, సెలవైనా, సాయంత్రం అయిదింటికల్లా మండలి మనిషి ఒకడు వచ్చి కప్పు తీసుకుపోతాడు. ఏడుగురు మనుషుల్ని జ్ఞాపకం తెచ్చుకోవడానికి డెబ్బై తొమ్మిదేళ్ళు పట్టిన ఊరు, ఆ కప్పు తీసెయ్యడం మాత్రం ఇంతవరకూ ఒక్కరోజైనా మరిచిపోలేదు.